నిద్ర లేవని కంప్యూటర్, సాక్ష్యం చెప్పిన గడియారం

సూరత్‌లోని బమ్రోలిలో, పాండేసరా పక్కనున్న గల్లీల్లో, రాత్రి పన్నెండు దాటినా సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగదు. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడ్డ నేత కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. అలాంటి ఒక కార్ఖానాలో మూలకు చిన్న బల్ల, దాని మీద కంప్యూటర్. ఎన్ని భీములు (పడుగు చుట్టలు) ఎక్కాయి, ఎన్ని తాకాలు (బట్ట తానులు) దిగాయి, ఎవరికి ఎంత మజూరీ ఇవ్వాలి, లెక్కంతా అందులోనే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన దగ్గర్నుంచి దానికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. నిద్రపుచ్చి ఇంటికి వెళితే రాత్రి దానంతటదే లేచి తెల్లవార్లూ వెలుగుతుంది. కొన్ని రోజులేమో పొద్దున ఎంత తట్టినా లేవదు. లోపల ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది.

ఆ కార్ఖానా ఆసామి నాకు వరసకు బామ్మర్ది. "గిన్ని సాంచాల సప్పుడుల మనం పండుకుంటున్నం, గిదెందుకు పండుకుంటలేదు బావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అది తర్వాత. ముందు కంప్యూటర్ ఎలా నిద్రపోతుందో చెప్పాలి, ఎందుకంటే ఆ ఏర్పాటు అంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

నిద్ర అంటే ఆపేయడం కాదు. ప్రాసెసర్‌కు కరెంటు ఉండదు, డిస్కుకు ఉండదు, తెరకు ఉండదు. మెమరీకి మాత్రం ఉంటుంది. తెరిచి ఉంచిన ఖాతా, సగం కొట్టిన బిల్లు అన్నీ అందులోనే ఉంటాయి మరి. 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టిన ఆలోచన మీదే ఈనాటికీ ఆ మెమరీ నడుస్తోంది. ఒక బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్. కెపాసిటర్‌లో ఛార్జి ఉందా లేదా అన్నదే ఒకటీ సున్నాల తేడా. చిక్కల్లా ఏమిటంటే ఆ ఛార్జి నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని మామూలుగా 64 మిల్లీసెకన్ల లోపు మెమరీలోని ప్రతి వరసనూ ఒకసారి చదివి, మళ్లీ నింపాలి. ఆ గడువును 8192 ఆదేశాలకు పంచితే సుమారు 7.8 మైక్రోసెకన్లకు ఒక ఆదేశం పడుతుంది. పగలంతా ఈ పని మెమరీ కంట్రోలర్‌ది. నిద్రలో ఆ కంట్రోలర్‌కే కరెంటు ఉండదు కదా, మరి నింపేదెవరు? మెమరీ చిప్ తనను తానే నింపుకుంటుంది. దీన్ని సెల్ఫ్ రిఫ్రెష్ అంటారు. ఒక్క ఆదేశం ఇస్తే చాలు, ఆ తర్వాత చిప్ బయటి మామూలు ఆదేశాలు వినడం మానేసి, లోపలున్న సొంత కౌంటర్‌తో వరస తర్వాత వరస నింపుకుంటూ పోతుంది. దీనికి కావలసిన కరెంటు పవర్ సప్లై నుంచి వచ్చే ఊదారంగు తీగలో వస్తుంది. ప్లగ్ పీకనంత వరకు ఆ తీగలో 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి.

ఇక నిద్రపోయే తంతు చూడండి. ముందు ప్రోగ్రాములన్నిటినీ ఎక్కడివక్కడ ఆపేస్తారు. తర్వాత పరికరాలకు కబురు వెళుతుంది. మౌస్ పడుకున్నాకే అది వేలాడుతున్న యూఎస్‌బీ కంట్రోలర్ పడుకోవాలి, అంటే కొమ్మల చివర్ల నుంచి మొదలు దాకా. మెలకువ వచ్చేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు. ప్రాసెసర్‌లో ఒక్క కోర్ తప్ప మిగతావన్నీ ఆగుతాయి. ఆ చివరి కోర్ తన రిజిస్టర్లలో ఉన్నదంతా మెమరీలో దాచి, లేచాక ఎక్కడి నుంచి పని అందుకోవాలో ఆ చిరునామాను ఒక నిర్ణీత పట్టికలో రాసి, చిప్‌సెట్‌లో ఒక బిట్‌ను ఒకటి చేస్తుంది. ఆ మరుక్షణం దాని కరెంటు పోతుంది. తనను ఆర్పే మీట తనే నొక్కుకుంటుందన్నమాట.

లేచేటప్పుడు ఇంకా వింత. పవర్ బటన్ నొక్కారనుకోండి. ప్రాసెసర్‌కు పాతదేదీ గుర్తుండదు. కొత్తగా ఆన్ చేసినట్టే, ఎప్పటిలాగే బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) మొదటి ఆదేశం దగ్గర మొదలవుతుంది. బయోస్ చిప్‌సెట్‌లోని గుర్తు చూసి 'ఇది నిద్ర నుంచి లేవడం' అని పోల్చుకుంటుంది. మెమరీని చెరపకుండా సెల్ఫ్ రిఫ్రెష్ నుంచి బయటికి తెచ్చి, ఆ పట్టికలోని చిరునామాకు దూకుతుంది. రాత్రి పాళీ నేతగాడు పేక ఎక్కడ ఆగిందో చీటీ రాసి సాంచాకు కట్టిపోతే, పొద్దుటి పాళీ వాడు అది చదివి పని అందుకున్నట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ రాసినవాడూ చదివేవాడూ ఒకడే, నడుమ వాడి జ్ఞాపకం మొత్తం చెరిగిపోయింది. ఇంకో ముచ్చట: ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఆ దూకడం మామూలుగా 1978 నాటి 8086 పద్ధతిలోనే, 16 బిట్ల స్థితిలో జరుగుతుంది. అక్కడి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ మెట్టు మెట్టుగా 64 బిట్లకు ఎక్కి వస్తుంది. ఇలా పడుకున్న ల్యాప్‌టాప్ మూత మనం తెరిచిన ప్రతిసారీ ఆ రెప్పపాటులో కొన్ని దశాబ్దాల చరిత్ర నడుస్తుంది.

ఇంత తంతుకూ పెద్దరికం ఎవరిది? దీని మీద పెద్ద తగవే నడిచింది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏపీఎం అనే పద్ధతిలో అధికారం చాలావరకు బయోస్‌దే. కీబోర్డు కదలడం లేదు, డిస్కు తిరగడం లేదు, కాబట్టి నిద్రపుచ్చుదాం అని బయోస్ అనుకునేది. పైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పనిలో ఉందో దానికేం తెలుసు? 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ తెచ్చి ఆ పెద్దరికాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించాయి. మనం ఇందాక చూసిన నిద్రకు ఎస్3 అనీ, మెమరీని డిస్కులో రాసి పూర్తిగా ఆగిపోవడానికి ఎస్4 అనీ పేర్లు పెట్టింది ఇదే. ఎస్4నే మనం హైబర్నేట్ అంటున్నాం.

అయితే ఫలానా బోర్డులో ఫలానా తీగను ఎలా ఆర్పాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ తయారీదారు బయోస్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి పెడతాడు, ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని చదివి నడుపుతుంది. తెలివైన ఏర్పాటే. తంటా కూడా ఇక్కడే ఉంది. ఆ ప్రోగ్రాములు ఎదురు ప్రశ్న వేయగలవు: 'నువ్వు ఫలానా విండోస్‌వేనా?' అని. విండోస్ 7కు 'విండోస్ 2009' అని, విండోస్ 10కు 'విండోస్ 2015' అని అందులో సంకేత నామాలు. జవాబును బట్టి బయోస్ ఒక్కో దారిలో పోతుంది. విండోస్ 8 కాలంలో చేసిన యంత్రంలో ఇన్నాళ్లూ విండోస్ 7 నడిచిందనుకుందాం. దాన్ని విండోస్ 10కు మార్చిన రోజున, అదివరకు ఒక్కసారీ అడుగుపడని దారిలోకి బయోస్ మొదటిసారి మళ్లుతుంది. ఆ దారిని తయారీదారు ఎంత శ్రద్ధగా పరీక్షించాడన్నది అప్పుడే బయటపడుతుంది. లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఇంకో కథ. యంత్రాలను విండోస్‌తోనే పరీక్షిస్తారు కాబట్టి, ఈ ప్రశ్న ఎదురైతే లినక్స్ కూడా విండోస్ పేర్లకు 'అవును' అనే చెబుతుంది. 'నువ్వు లినక్స్‌వా?' అని అడిగితే 'కాదు' అంటుంది! బతకడానికి అది నేర్చుకున్న లౌక్యం. 1999 జనవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సహచరులకు రాసిన ఒక ఈమెయిల్, అమెరికాలోని అయోవాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో తర్వాత బయటికొచ్చింది. ఏసీపీఐ కోసం మనం కష్టపడితే లినక్స్ ఊరికే లాభపడుతుంది, దీన్ని ఎలాగైనా విండోస్‌కే పరిమితం చేయలేమా అన్నది దాని సారాంశం. ప్రమాణం మాత్రం అందరికీ తెరిచే ఉంది. 2013లో దాని బాధ్యత యూఈఎఫ్ఐ ఫోరమ్ అనే సంస్థకు వెళ్లింది.

అంటే నిద్ర అనేది బయోస్, ఆపరేటింగ్ సిస్టమ్, ఒక్కో పరికరాన్ని నడిపే డ్రైవర్లు, ఈ ముగ్గురి మధ్య ఒప్పందం. అప్‌గ్రేడ్ చేసినప్పుడు మనం ఒకరిని పూర్తిగా మార్చి, ఇంకొకరిని సగం మార్చి, మూడో వారిని అలాగే వదిలేస్తాం. అందుకే లోపం వెతకాల్సింది ఏ ఒక్కరిలోనో కాదు, ఇద్దరు కలిసే చోట.

బమ్రోలిలో మొదటి జబ్బు తేలిగ్గానే దొరికింది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' పక్కన గీత పెట్టి 'లాస్ట్‌వేక్' అని కొడితే ఆఖరుసారి నిద్ర లేపింది ఎవరో చెబుతుంది. మౌస్ పేరు వచ్చింది. రాత్రిపూట మౌస్‌ను ఎవరు కదిలిస్తారు? సాంచాలు! నాడె అటు నుంచి ఇటు కొట్టినప్పుడల్లా, పన్నె పేకను గుద్దినప్పుడల్లా నేల అదురుతుంది, బల్ల అదురుతుంది. ఆప్టికల్ మౌస్ కింద చిన్న కెమెరా లాంటిది ఉంటుంది. అది బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యిసార్లకు పైగా చూస్తూ తేడా పసిగడుతుంది. నిద్రలో కూడా కొన్ని మౌస్‌లు అరకొర కరెంటుతో ఆ కాపలా కాస్తూనే ఉంటాయి. రాత్రి మౌస్‌ను వెల్లకిలా తిప్పి పెట్టమన్నాను. కంప్యూటర్ పొద్దుటిదాకా లేవలేదు. పాత వెర్షన్‌లో మౌస్‌కు నిద్ర లేపే హక్కు తీసేసి ఉంది. అప్‌గ్రేడ్‌లో ఆ సెట్టింగు మొదటికి వచ్చింది. డివైస్ మేనేజర్‌లో మౌస్ పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఆ టిక్కు తీసేస్తే సరిపోయింది. ఇలాంటి హక్కే నెట్‌వర్క్ కార్డుకూ ఉంటుంది, అప్‌డేట్‌ల కోసం అలారం పెట్టుకునే వేక్ టైమర్లకూ ఉంటుంది. లాస్ట్‌వేక్ జవాబు ఖాళీగా వస్తే వాటిని చూడాలి.

రెండోది, నల్ల తెర. ఎస్3 నుంచి లేచేటప్పుడు గ్రాఫిక్స్ చిప్‌ను మళ్లీ సిద్ధం చేసే బాధ్యత చాలా యంత్రాల్లో బయోస్ తీసుకోదు, అది డ్రైవర్ పని. అప్‌గ్రేడ్‌లో తయారీదారు డ్రైవర్ పోయి సాధారణ డ్రైవర్ వచ్చి కూర్చుంటే అది ఆ పని చేయలేకపోవచ్చు. దీన్ని తేల్చడానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. తెర నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. కీబోర్డు మీద దీపం వెలిగి ఆరితే ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంది, గుడ్డిదైంది తెర మాత్రమే. దీపం కదలకపోతే మెలకువ దారిలోనే ఎక్కడో పడిపోయింది. బమ్రోలిలో దీపం వెలిగింది. గ్రాఫిక్స్ చిప్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్ పెట్టాం, తెర వచ్చింది.

దీపం కదలని జబ్బే అసలు కష్టం. తెర లేదు, డిస్కు ఇంకా లేవలేదు, కాబట్టి లాగ్ రాయడానికి చోటు లేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మెమరీలో ఉన్నది కూడా పోతుంది. ఏ డ్రైవర్ దగ్గర కథ ఆగిందో చెప్పేవారు ఎవరూ మిగలరు. 2006లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ చిక్కును విప్పిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆపి ఆన్ చేసినా, బయోస్ తన మొదటి తనిఖీలు చేసుకున్నా, విలువ చెడకుండా ఉండేది పీసీలో ఒక్కటే ఉందని ఆయన గమనించాడు: తేదీ, టైము చూపే గడియారం. దాని వెనక గుండ్రటి బటన్ బ్యాటరీ, సెకనుకు 32,768 సార్లు ఊగే స్ఫటికం ఉంటాయి. అంత ఊగడం ఎందుకంటే అది రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య. సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకను తేలుతుంది.

ఆయన ఆ గడియారంలో సమయాన్ని కాక, సాక్ష్యాన్ని రాయించాడు. కంప్యూటర్ లేచేటప్పుడు ఒక్కో పరికరం వంతు రాగానే దాని పేరును ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యను తేదీ రూపంలో గడియారంలో పెడతారు. 100 సంవత్సరాలు, 12 నెలలు, ప్రతి నెలలోనూ తప్పక ఉండే 28 రోజులు, 24 గంటలు, గంటలో మూడేసి నిమిషాల ముక్కలు 20. హెచ్చవేస్తే 1,61,28,000 వేర్వేరు గుర్తులు రాయగల చోటు దొరికింది! యంత్రం బిగుసుకుపోయిందా, ఆపి మళ్లీ ఆన్ చేయడమే. లినక్స్ లేస్తూనే గడియారం చదివి, ఆ సంఖ్య ఏ పరికరానికి సరిపోతుందో లాగ్‌లో రాస్తుంది. గడియారం ఈలోగా నడుస్తూనే ఉంటుంది కాబట్టి మూడు నిమిషాల్లోపు ఇదంతా జరగాలి. అందుకే నిమిషాలను మూడేసి చొప్పున ముక్కలు చేసింది. ఆ తర్వాత కంప్యూటర్ తేదీ ఎక్కడో ఏ శతాబ్దపు మూలనో ఉంటుంది, దాన్ని సరిచేసుకోవాలి. లినక్స్‌లో దీని పేరు పీఎం ట్రేస్. కొత్తగా ఒక్క చిప్ కూడా పెట్టకుండా, ఉన్న వస్తువు చేత దాని స్వధర్మం కాని పని చేయించడం ఇంజినీరింగులో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే విషయం.

తర్వాతి చరిత్ర వేగంగా సాగింది. విండోస్ విస్టాతో మెమరీలోనూ డిస్కులోనూ రెండుచోట్లా దాచే హైబ్రిడ్ నిద్ర వచ్చింది. నిద్రలో కరెంటు పోయినా పని పోదు. 2012లో విండోస్ 8 షట్‌డౌన్‌నే సగం హైబర్నేట్‌గా మార్చేసి దానికి ఫాస్ట్ స్టార్టప్ అని పేరు పెట్టింది. అప్‌గ్రేడ్ తర్వాత వింత జబ్బులు కనిపిస్తే దాన్ని ఒకసారి ఆపి చూడటం మంచిదే. అదే విండోస్ 8తో ఫోన్ తరహా నిద్ర కూడా మొదలైంది. ఇప్పుడు దాన్ని మోడర్న్ స్టాండ్‌బై అంటున్నారు. ఇందులో ప్రాసెసర్ కరెంటు పూర్తిగా పోదు, చాలా తక్కువ కరెంటుతో కునుకు తీస్తూ మధ్యమధ్య మెయిళ్లు, అప్‌డేట్‌లు చూసుకుంటుంది. సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ అయిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. నా మట్టుకు పాత ఎస్3యే నయం. నిద్ర అంటే నిద్రలా ఉండాలి.

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, చిన్న కార్ఖానాల్లో, దుకాణాల్లో కూడా అప్‌గ్రేడ్‌లు, కొత్త ల్యాప్‌టాప్‌లు తప్పడం లేదు. కొత్తది తెచ్చుకున్న వెంటనే 'పవర్‌సీఎఫ్‌జీ' తర్వాత గీత పెట్టి 'ఏ' అని కొట్టి చూడండి. ఆ యంత్రానికి ఏయే నిద్రలు వచ్చో వరసగా చెబుతుంది. జాబితాలో ఎస్3 ఉంటే, చిక్కులు వచ్చినప్పుడు ముందు తయారీదారు ఇచ్చే బయోస్ అప్‌డేట్, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్, ఆ తర్వాత నిద్ర లేపే హక్కులు, ఈ వరసలో చూసుకోవాలి. ఎస్3 బయోస్‌లోనే లేకపోతే విండోస్‌లో ఏ సెట్టింగు మార్చినా రాదు. అలాంటి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టే ముందు హైబర్నేట్ చేయడమే దారి. ఆ మీట మెనూలో కనబడకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీలో హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టాలి.