రెండవ తెర ఎందుకు వెలుగదు?

ఇంటి కంప్యూటరుకు రెండు తెరలుండుట నేడు వింత కాదు. ఒకదానిపై పాఠము తెరచి, రెండవదానిపై లెక్క చేసికొనవచ్చును. తరగతి గదిలోని ప్రొజెక్టరు కూడ కంప్యూటరు దృష్టిలో రెండవ తెరయే. అయితే క్రొత్త తెరకు తీగ తగిలింపగనే "సిగ్నల్ లేదు" అను మాట తప్ప మరేమియు కనబడకపోవుట తరచు జరుగుచుండును. తెర పాడైనదని తలచి దుకాణమునకు మోసికొని పోవువారు కలరు. చాల సందర్భములలో పాపము, తెరయందు దోషమేమియు ఉండదు.

తీగలో జరుగు సంభాషణను గ్రహించినచో దోషమును వెదకుట సులభము. హెచ్.డి.ఎమ్.ఐ. ప్లగ్గులో 19 పిన్నులు కలవు. 18వ పిన్ను ద్వారా కంప్యూటరు 5 వోల్టుల విద్యుత్తును పంపును. తెర 19వ పిన్నుపై వోల్టేజి చూపి తన రాకను తెలుపును. అపుడు కంప్యూటరు 15, 16 పిన్నుల ద్వారా తెరలోని ఒక చిన్న జ్ఞాపకకోశమును చదువును. అందు కనీసము 128 బైట్ల సమాచారముండును: తయారుచేసినవారెవరు, తెర కొలత యెంత, అది సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదు మొదలగునవి. దీనిని ఇ.డి.ఐ.డి. అందురు. ఈ 128 బైట్లను సంఖ్యలుగా కూడినపుడు మొత్తము 256 చేత నిశ్శేషముగా భాగింపబడవలెను. ఒక్క పిన్ను వంగినను, తీగ లోపల తెగినను ఈ లెక్క తప్పవచ్చును. అపుడు కంప్యూటరు తెరను గుర్తింపకపోవచ్చును. లేదా జంకుతో చిన్న కొలత బొమ్మను మాత్రమే పంపవచ్చును. అక్షరములు మసకగా, పెద్దవిగా కనబడుటకు ఇది ఒక కారణము. 1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతిలో రాకను తెలుపు ప్రత్యేకమైన పిన్ను లేదు. కనుక పాత ప్రొజెక్టర్లను తగిలించిన పిదప కంప్యూటరు సెట్టింగులలో వెదకుమని ఆజ్ఞ ఇయ్యవలసి వచ్చుచుండును.

ముందు తెర మెనూలో సరియైన సాకెట్టును ఎన్నుకొంటిమా అని చూడవలెను. విండోస్ గుర్తుగల మీటను, పి మీటను కలిపి నొక్కి, రెండు తెరలను వాడు ఏర్పాటును ఎన్నుకొనవలెను. అప్పటికిని ఫలితము లేనిచో ప్రయోగశాల పద్ధతియే శరణ్యము: ఒక్కసారికి ఒక్కటే మార్పు.

రెండు తెరలకును ఒకే రకపు సాకెట్లు కలవనుకొందము. కంప్యూటరు వైపు కదపక, తీగలను తెరల వద్ద మాత్రము తారుమారు చేయవలెను. చీకటి పాత తెరనే అంటిపెట్టుకొన్నచో దోషము ఆ తెరలోనో, దాని మెనూలోనో ఉన్నది. చీకటి రెండవ తెరకు మారినచో తెరలు రెండును నిర్దోషులు. ఇపుడు కంప్యూటరు వద్ద కూడ తీగలను తారుమారు చేయవలెను. చీకటి తీగ వెంట పోయినచో తీగను మార్చవలెను; సాకెట్టు వెంట పోయినచో సాకెట్టునో, సెట్టింగులనో పరీక్షింపవలెను. ఈ పరీక్షకు దమ్మిడీ ఖర్చు లేదు.

సాకెట్టు విషయమున ఒక చిక్కు కలదు. గ్రాఫిక్స్ కార్డును వేరుగా అమర్చిన అనేక యంత్రములలో మదర్‌బోర్డు సాకెట్టు పనిచేయదు. రెండు తీగలను కార్డుకే తగిలింపవలెను. అట్లే డిస్‌ప్లే పోర్టు గల కంప్యూటరు నుండి హెచ్.డి.ఎమ్.ఐ. తెరకు పోవు చౌక తీగ ఒకే దిశలో పనిచేయును. దానిని తిరగవేసి తగిలించి, తెరను నిందించుట అన్యాయము.

బొమ్మ వచ్చియు మినుకుమినుకు మనుచున్నచో లెక్క వేయవలెను. 1920 × 1080 చుక్కల తెరకు చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మల చొప్పున సుమారు 299 కోట్ల బిట్లు కావలెను. 3840 × 2160 తెరకు ఇది నాలుగు రెట్లు, అనగా సుమారు 1194 కోట్లు. 2009 నాటి హెచ్.డి.ఎమ్.ఐ. 1.4 సెకనుకు మోయగల బొమ్మ సమాచారము 816 కోట్ల బిట్లు మాత్రమే. బొమ్మలను 30కి తగ్గించినచో 597 కోట్లు చాలును, తెర నిలుకడగా వెలుగును.