బయటి మెరుపు, లోపలి చెమ్మ

కొత్త వాహనం ఇంటి ముందు నిలిచిన నాడు ఏ కుటుంబమైనా ముందుగా చూసేది దాని మెరుపునే. మేమూ అంతే. బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటి ముంగిటకు నవంబరులో క్యాంపర్ వ్యాను వచ్చింది మొదలు మా శ్రద్ధ అంతా దాని రంగు మీదే ఉండేది. ఫిబ్రవరిలో ఒక ఉదయం అమ్మీ పడుకునే పరుపును పైకెత్తి చూసినప్పుడు గాని మా పొరపాటు మాకు తెలిసిరాలేదు. పరుపు అడుగున రెండు అరచేతులంత మేర నల్లని బూజు పట్టి ఉంది. అప్పటికి రెండు వారాలుగా అమ్మీని పీడిస్తున్న దగ్గుకు చలిగాలే కారణమని మేము అనుకుంటూ వచ్చాము.

క్యాంపర్ వ్యాను అంటే పడకలు, పొయ్యి, నీటి తొట్టి, చిన్న మరుగుదొడ్డి ఇమిడివున్న బండి. ఫియట్ డుకాటో వంటి సరుకు వ్యాన్లను మలచి ఐరోపాలో వీటిని తయారుచేస్తారు. అమ్మీకి ఉబ్బసం, మోకాళ్ళ నొప్పులు. హోటలు మెట్లు ఎక్కలేరు, దారిలో మరుగుదొడ్డి కోసం వెతుక్కోలేరు. ఆమెకు సముద్రాలూ కొండలూ చూపించాలన్న కోరికతో, వడ్డీ అప్పు జోలికి పోకుండా, ఆరేళ్ళు కూడబెట్టిన సొమ్ముతో కొన్న బండి ఇది. ఆమె సుఖం కోసం కొన్నదే ఆమె ఊపిరికి అడ్డుపడిందంటే మా మనసు ఎంత చివుక్కుమన్నదో పాఠకులు ఊహించగలరు.

ఆ నీరు ఎక్కడినుండి వచ్చింది? పైకప్పు కారలేదు. గొట్టాలూ కారలేదు. నీరు మాలోనుండే వచ్చింది. నిద్రపోయే మనిషి ఒక రాత్రిలో శ్వాస ద్వారా, చర్మం ద్వారా సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. మేము నలుగురము. అంటే తెల్లవారేసరికి ఒక లీటరు నీరు ఆ ఇరుకు గదిలోని గాలిలో కలుస్తుంది. దానికి తోడు పొయ్యి. ఒక కిలో వంటగ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుందన్న సంగతి మాకు అదివరకు తెలియదు. ఈ ఆవిరి అంతా చల్లని ఇనుప గోడను, కిటికీని, పరుపు అడుగును తాకి తిరిగి నీరవుతుంది. చలికి భయపడి మేము కిటికీలన్నీ బిగించి పడుకున్నాము. బూజుకు అంతకంటే ఏం కావాలి?

ఆ పరుపును శుభ్రం చేసే ప్రయత్నం చేయలేదు, పారవేశాము. బూజు లోపలి స్పాంజికి దిగిన తరువాత పైపైన తుడిచి లాభం లేదు. ముఖ్యంగా ఉబ్బసం ఉన్న ఇంట్లో అది తగదు. పడక చెక్కలను మాత్రం అమ్మీని ఇంట్లో ఉంచి, ముక్కుకు మాస్కు కట్టుకొని, తెల్ల వెనిగరు కలిపిన నీటితో తుడిచి ఎండబెట్టాము. కొత్త పరుపు కింద గాలి ఆడే ప్లాస్టిక్ జల్లెడ పరుపును పరిచాము. పగలు పరుపును నిలబెట్టి ఉంచడం అలవాటు చేసుకున్నాము.

రాత్రిపూట పైకప్పు మీది గాలి కిటికీని రెండు వేళ్ళంత తెరిచి ఉంచుతాము. బయటి చలిగాలి చెమ్మగా అనిపించినా దానిలో నీటి ఆవిరి తక్కువే. అది లోపలికి వచ్చి వేడెక్కినప్పుడు చెమ్మను పీల్చుకొని బయటికి తీసుకుపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. బండి నేలలో చిన్న రంధ్రాలుంటాయి. కాళ్ళకు చలి తగులుతున్నదని కొందరు వాటిలో గుడ్డలు కుక్కుతారు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. అది కారితే కిందికి దిగి ఆ రంధ్రాల గుండానే బయటికి పోవాలి. వాటిని మూయడమంటే ప్రాణాలతో చెలగాటమే.

మన వంటకు ఆవిరి ఎక్కువ, పోపుకు పొగ ఎక్కువ. అందువల్ల బిర్యానీ, చేపల వేపుడు ఇప్పుడు బయట, తెర నీడలో చిన్న పొయ్యి మీదే. లోపల టీ, అమ్మీకి జావ, అంతవరకే. ఆ తెరను తడిగా చుట్టి తెచ్చుకుంటే ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు అలాగే ఉంచితే అదీ బూజు పడుతుంది. ఐదు పూటలా నలుగురి వుజూతో స్నానపుగది ఎప్పుడూ తడిగానే ఉండేది. గోడలను చివరివారు తుడవాలన్న నియమం పెట్టాము. చివరివారు ఎవరన్న దానిమీద పిల్లలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

చెప్పులు గుమ్మం బయటే విడవడం మన ఇళ్ళలో పుట్టుకతో వచ్చిన అలవాటు. నేలమీది తివాచీని అదే సగం కాపాడింది. సీట్లకు ఉతికే గలీబులు తొడిగాము. పసుపు మరక పడితే రుద్దకండి. సబ్బునీటితో అద్ది, గలీబును ఎండలో ఆరవేయండి. పసుపు రంగు వెలుతురుకు తానే వెలిసిపోతుంది.

ఇక బయటి సంగతి. దానిని మేము వదిలేయలేదు, దాని చోట దానిని ఉంచాము. ఇంగ్లాండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. అందులో ఎక్కువ భాగం చెషైర్‌లోని విన్స్‌ఫోర్డ్ గనిలో తవ్వినదే. ఆ ఉప్పునీరు బండి అడుగున చేరి ఇనుమును తింటుంది. కాబట్టి ప్రయాణం నుండి వచ్చిన వెంటనే అడుగు భాగాన్ని మంచినీటితో కడగాలి. ప్రెషరు నీటిని మాత్రం కిటికీ రబ్బర్ల మీదికి, ఫ్రిజ్ గాలి జాలీల మీదికి మళ్ళించకూడదు. చలికాలానికి ముందే అడుగున మైనపు పూత వేయించుకోవడం మేలు, అయితే తలుపుల అడుగునుండే నీటి రంధ్రాలు ఆ పూతతో పూడిపోకుండా చూడాలి. విశాఖపట్నం, మచిలీపట్నంలోని మా బంధువులు తమ కార్ల తుప్పు గురించి చెప్పుకొని వాపోతుంటారు. వారి ఉప్పు సముద్రపు గాలిలోనే ఉంది. మందు మాత్రం ఇద్దరికీ ఒకటే.

కడగడానికి రెండు బకెట్లు వాడుతాము, ఒకటి సబ్బునీటికి, రెండవది గుడ్డను జాడించడానికి. ఒకే బకెట్టు వాడితే గుడ్డకు అంటిన ఇసుక రేణువులే రంగును గీస్తాయి. గిన్నెలు తోమే సబ్బు మైనపు పూతను వదలగొడుతుంది.

మరొక పొరపాటూ ఒప్పుకోవాలి. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవంతో బండి కిటికీని మెరిపించాలని చూశాము. అది గాజు కాదు, ఆక్రిలిక్. కొద్దిరోజులకే సాలెగూడు వంటి సన్నని పగుళ్ళు తేలాయి. అవి ఇక పోవు. గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ, అంతే వాడాలి.

మరుగుదొడ్డి పెట్టెలో బ్లీచింగు వాడితే దాని రబ్బరు చెడుతుంది. బండి వాడని చలిరోజుల్లో నీటి తొట్టిని, గొట్టాలను పూర్తిగా ఖాళీ చేసి, కుళాయిలు తెరిచి ఉంచాలి. గడ్డకట్టిన నీరు గొట్టాన్ని చీల్చుతుంది. ఫ్రిజ్ తలుపునూ కాస్త తెరిచే ఉంచాలి. ఏడాదికొకసారి చెమ్మ పరీక్ష చేయించి ఆ పత్రాన్ని దాచుకోండి. చాలా బండ్లకు వారంటీ నిలవాలంటే అది తప్పనిసరి.

ఏప్రిల్‌లో వేల్స్ సముద్రతీరాన మూడు రాత్రులు గడిపాము. గాలిలో చెమ్మ ఎంత శాతమో చూపే అరచేతి మీటరు ఒకటి అమ్మీ దిండు పక్కన ఉంటుంది. పడుకోబోయేముందు కళ్ళజోడు పెట్టుకొని ఆమే దానిని చదువుతారు. అంకె అరవై దాటితే, బయట ఎంత చలిగా ఉన్నా సరే, కిటికీ తెరవమంటారు.