మెడ రక్తనాళంలో స్టెంట్ – ఎవరికి? ఎందుకు?

"సిస్టర్, చెయ్యి పది నిమిషాల్లో మామూలైపోయింది. ఇంకెందుకులే ఆసుపత్రి అనుకున్నాం." పక్షవాతంతో వచ్చిన రోగి ఇంటివారి నోట ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ పది నిమిషాలే శరీరం ఇచ్చిన హెచ్చరిక.

మెడకు ఇరుప్రక్కల ఉండే కెరోటిడ్ రక్తనాళాలు మెదడుకు రక్తాన్ని చేరవేస్తాయి. బి.పి., షుగర్, కొలెస్టరాల్, పొగాకు వల్ల వీటిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. అక్కడ నుండి చిన్న ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. నొప్పిలేని డాప్లర్ స్కానుతో ఈ ఇరుకును కనుగొనవచ్చును.

ఇరుకు ఎక్కువైతే మెడకు ఆపరేషన్ చేసి కొవ్వును తీసివేయడం పాత పద్ధతి. కాని గుండె బాగా బలహీనపడినవారికి, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారికి, గొంతు క్యాన్సర్‌కు మెడపై రేడియేషన్ తీసుకున్నవారికి ఆ ఆపరేషన్ ప్రమాదకరం. ఇటువంటి 334 మందిపై అమెరికాలో జరిగిన సఫైర్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో స్టెంట్ ఆపరేషన్‌కు తీసిపోలేదని తేలింది.

స్టెంట్ ఎలా వేస్తారు? సాధారణంగా గజ్జ దగ్గర మాత్రమే మత్తు ఇచ్చి, సన్నని గొట్టాన్ని మెడ వరకు పంపుతారు. ఊడిన ముక్కలు మెదడుకు పోకుండా ముందుగా చిన్న గొడుగులాంటి జల్లెడను తెరుస్తారు. తరువాత బెలూనుతో దారి వెడల్పు చేసి, లోహపు వలగొట్టమైన స్టెంట్‌ను అమర్చి, జల్లెడను వెనక్కి తీస్తారు. రోగి మెలకువగానే ఉంటారు. "చెయ్యి నొక్కండి, పేరు చెప్పండి" అని మధ్యమధ్య అడుగుతాము. బెలూను ఉబ్బినప్పుడు నాడి నెమ్మదించి బి.పి. పడిపోవచ్చు గనుక కన్నార్పక చూస్తాము.

అయితే స్టెంట్ అందరికీ కాదు. 2010లో వెలువడిన క్రెస్ట్ అధ్యయనంలో స్టెంట్ వేసినవారిలో పక్షవాతం, ఆపరేషన్ చేసినవారిలో గుండెపోటు ఎక్కువగా కనిపించాయి. 70 ఏళ్లు దాటినవారికి ఆపరేషనే మెరుగని కూడా తేలింది. కనుక వయసు ఒక్కటే చూసి స్టెంట్ అడగకండి. పైగా మన పంజగుట్ట నిమ్స్ వైద్యుల పరిశీలనలో, ఇక్కడి రోగులకు మెడలో కన్నా పుర్రె లోపలి నాళాలలోనే ఇరుకు ఎక్కువని తెలిసింది. ఏది తగునో డాక్టర్లు స్కాన్ చూసి నిర్ణయిస్తారు.

స్టెంట్ వేయించుకున్నవారికి నా మనవి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను ఉపవాస దినాలలో గాని, పన్ను తీయించుకునేటప్పుడు గాని డాక్టరును అడగకుండా ఆపకండి. తీవ్రమైన తలనొప్పి వస్తే వెంటనే రండి.

మూతి వంకర, చేతిలో బలహీనత, మాట తడబాటు, ఒక కంటికి హఠాత్తుగా చీకటి – ఇవి ఐదు నిమిషాలలో తగ్గిపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి రండి. తగ్గకపోతే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.