చేపల దేహములో ఆపద్వార్త



చేపలకు కష్టము వచ్చినప్పుడు వాని దేహములో జరుగు మార్పులను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది పండితుల ప్రయోగశాలకు మాత్రమే చెందిన విషయమని తలపవలదు. దీనిని ఎఱుగకపోవుటచే ఒక గ్రామమున రెండు కుటుంబముల నడుమ మాటలు లేకపోయిన సంగతి నేను స్వయముగా చూచితిని.

కొల్లేటి చేరువ నొక గ్రామములో ఒక రైతు తన చెఱువున బొచ్చెలను, శీలావతులను పెంచుచుండెను. ఒక వేసవిలో బేరగాండ్రకు సరకు చూపుటకై ఒకే దినమున మూడు మారులు వల లాగించెను. బేరము కుదరలేదు. చేపలను మరల నీట విడిచిరి. ఆ సాయంకాలము అన్నియు ఈదుచునే యుండెను. నాలుగవ నాటినుండి ఎఱ్ఱని పుండ్లతో పెద్ద చేపలు తేలసాగెను. గట్టు తగాదా గల పొరుగువాడే విషము కలిపెనని రైతు పంచాయతి పెట్టెను. పెద్దలు నన్ను పిలిపించిరి. నేను గట్టువెంట నడచి చూడగా చిన్న పరిగెలు, కప్పపిల్లలు, నీటిపురుగులు చక్కగా తిరుగుచుండెను. విషము కలిసిన నీటిలో ఇవి ఇంత సుఖముగా నుండుట అరుదు. చచ్చిన చేపలకు చాలచోట్ల పొలుసులు ఊడియుండెను. నాకు కారణము తోచినది గాని, దానిని వారికి నమ్మిక కలుగునట్లు చెప్పుటకు ఆ పూటంతయు పట్టినది. ఆనాడు చెప్పినదే నేడు మీకును చెప్పెదను.

మన దేహమునందువలెనే చేప దేహమునందును కొన్ని గ్రంథులు గలవు. అవి విడుచు రసములు రక్తములో కలసి దూరపు అవయవములకు ఆజ్ఞలు కొనిపోవును. వీనినే హార్మోనులందురు. పూర్వము కరణము వ్రాసిన చీటీని తలారి ఇంటింటికి అందించెడివాడు గదా! అట్టిదే ఈ యేర్పాటు.

ఆపద తోచగానే చేప దేహమున రెండు వార్తలు బయలుదేరును. మొదటిది కేక వంటిది. మూత్రపిండపు ముందుభాగమున నున్న కొన్ని కణములు నరముల ప్రేరణచే అడ్రినలిను అను రసమును క్షణములలో రక్తములోనికి విడుచును. మొప్పలకు రక్తము హెచ్చుగా పాఱును; తప్పించుకొనుటకు చేపకు బలము వచ్చును. రెండవది చీటీ వంటిది. మెదడు అడుగుభాగము తన క్రిందనున్న పీయూషగ్రంథికి సంగతి తెలుపును. పీయూషగ్రంథి రక్తము ద్వారా మూత్రపిండపు ముందుభాగమునకు ఆజ్ఞ పంపును. అచటి వేఱు కణములు కార్టిసాలు అను రసమును తయారుచేయును. మనకు మూత్రపిండములపై టోపీవలె నుండు అడ్రినలు గ్రంథి చేపకు వేఱుగా లేదు. ఆ పని చేయు కణములు ఇట్లు మూత్రపిండముతోనే కలసియుండును. ఈ చీటీ అందుటకు కొన్ని నిమిషములు పట్టును. దాని ఫలము గంటల తరబడి నిలుచును.

కార్టిసాలు చేయు పని కఱవునాడు గాదె తలుపు తెఱచుట వంటిది. దేహమున దాగిన నిలువలనుండి రక్తమునకు చక్కెర నందించును. అప్పటికి అవసరముకాని పనులను తగ్గించును. పెరుగుదల, గ్రుడ్లు పెట్టుట, రోగములతో పోరాడుట అట్టి పనులే. ఒక్క కష్టము వచ్చి తొలగినచో సాధారణముగా ఒక దినములో దేహము కుదుటపడును. కష్టము వెంట కష్టము వచ్చినచో గాదెలోని తిండిగింజలు తీఱి విత్తనపు వడ్లకు చేయి చాపవలసివచ్చును. కావలివాండ్రు కాపు విడిచిపోవుదురు. నీటిలో ఎల్లప్పుడు నుండు సూక్ష్మజీవులే అప్పుడు పొలుసూడిన చోట చొరబడి పుండు చేయును. ఆ రైతు చేపలు వలలో చావక నాలుగవనాడు చచ్చుట ఇట్లు జరిగినది.

1986లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున బార్టన్, ష్రెక్ మొదలైన శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. చినూక్ అను సాల్మను జాతి చేపపిల్లలను మూడేసి గంటల కొకమారు కొలదిసేపు పట్టి విడిచిరి. ఒక్కమారు పట్టిన వానికంటె రెండుమారులు, మూడుమారులు పట్టిన వాని రక్తమున కార్టిసాలు హెచ్చుచు పోయినది. మొదటి బెదురు తీఱకముందే వచ్చిన రెండవ బెదురు దానిపై పేరుకొనునని దీనివలన తేలినది.

మఱియొక నష్టము ఉప్పునకు సంబంధించినది. మంచినీటి చేప రక్తములో చుట్టునున్న నీటికంటె ఉప్పు ఎక్కువ. బెదరిన చేప మొప్పలలో రక్తము పొంగినప్పుడు ఆ ఉప్పు బయటికి జారును. నీరు లోనికి చొచ్చును. అందుచేతనే చేపపిల్లలను దూరము కొనిపోవువారు నీటిలో కొంచెము ఉప్పు కలుపుదురు.

పీయూషగ్రంథి ఆపదకే కాక ఋతువునకును చెవియొగ్గును. వఱదనీట గ్రుడ్లు పెట్టు బొచ్చె, శీలావతి, మోసులు నిలువనీటి చెఱువులో పెట్టవు. 1957 జూలై 10వ తేదీన ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారు, అలికున్హిగారు ఈ జాతి చేపలకు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. చెఱువులో లోపించిన వఱదవార్తను సూది అందించినదన్నమాట. అట్టి తల్లిచేపను మిక్కిలి బెదరించినచో సూది వేసినను గ్రుడ్లు విడువకపోవచ్చును.

కావున వల లాగుటకు ముందునాడు మేత ఆపుడు. ఎండ ముదిరిన వేళ వల దింపవలదు. చేపలు తెల్లవాఱుజామున నీటిపైకి వచ్చి గుటకలు వేయుచున్నచో ప్రాణవాయువు చాలలేదని గ్రహించి ఆనాడు వల మానుడు. ఒకమారు లాగిన చెఱువును కొన్ని దినములు కదపకుడు.

ఆనాడు నా మాటలు విని రైతు మాఱు పలుకలేదు. పొరుగువాడు మాత్రము మఱునాడు తన నీటి ఇంజను తెచ్చి ఆ చెఱువునకు క్రొత్తనీరు పెట్టెను. మిగిలిన చేపలలో చాలవఱకు బ్రదికినవి. లోకములో విషము కలుపువారు లేరని నేననను. అనుమానమున్నచో నీటిని పరీక్షింపవలసినదే. కాని ఇట్టి తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు, విషము కలిపినవాడెవడని అడుగుటకు ముందు ఆ వారములో వల ఎన్నిమారులు లాగిరో అడుగుడు.