పేరు టేబుల్‌ది, చోటు డిస్క్‌ది

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ కంప్యూటర్ డిస్క్‌లో 50 పళ్లేలు ఉండేవి. ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పు. అన్నీ కలిపినా పట్టేది 50 లక్షల అక్షరాలే. తన రికార్డు ఏ పళ్లెంలో, ఏ ట్రాక్‌లో ఉందో ప్రోగ్రామర్ లెక్క కట్టుకోవాల్సిందే.

ఆ బాధ ఎందుకని అడిగినవారు ఐబీఎంలోనే పనిచేసిన ఎడ్గార్ కాడ్. డేటా యంత్రంలో ఎలా అమరి ఉందో వాడుకునేవారికి తెలియనక్కర్లేదని 1970 నాటి వ్యాసంలో వాదించారు. టేబుల్ పేరు చెబితే చాలు, వెతుక్కోవడం డేటాబేస్ పని.

అయితే డిస్క్ నిండితే ఏం చేయాలి? పోస్ట్‌గ్రెస్ ఈ ప్రశ్నతో చాలా ఏళ్లు పెనుగులాడింది. బర్కిలీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 1986లో మొదలుపెట్టిన ఈ డేటాబేస్‌లో మొదట టేబుల్ పేరే ఫైల్ పేరు. టేబుల్ పేరు మారిస్తే డిస్క్ మీద ఫైల్ పేరూ మార్చాలి. ఆ మార్పు మధ్యలో రద్దయితే చిక్కే. 2001లో వచ్చిన 7.1 వెర్షన్ ఫైళ్లకు అంకెలు పెట్టింది. ఏ ఫైల్ ఏ టేబుల్‌దో చూడగానే తెలియకుండా పోయింది కానీ, అలా చేయడమే సరైనది.

చోటు సమస్య మాత్రం తీరలేదు. సర్వర్ ఆపి, ఫైల్‌ను మరో డిస్క్‌కు తరలించి, పాతచోట సింబాలిక్ లింక్ అనే దారిపలక పెట్టేవారు. ఫైల్ 1 గిగాబైట్‌కు చేరగానే పోస్ట్‌గ్రెస్ ఇంకో ముక్క మొదలుపెడుతుంది. ఆ కొత్త ముక్క మళ్లీ నిండిన డిస్క్ మీదే పుట్టేది! డేటాబేస్‌కు తెలియకుండా దాని ఫైళ్లు కదిపితే జరిగేది ఇదే.

2005 జనవరిలో 8.0 వెర్షన్‌తో టేబుల్‌స్పేస్ వచ్చింది. దారిపలకలు పోలేదు, వాటిని పెట్టే అధికారం డేటాబేస్ చేతికి వచ్చింది. నిర్వాహకుడు ఒక డైరెక్టరీ చూపించి దానికో పేరు పెడతాడు. ఏ టేబుల్ అక్కడుండాలో ఒక్క ఆదేశంతో చెబుతాడు. ముక్కలన్నీ అక్కడికే చేరతాయి. అప్లికేషన్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఒక లోపం మిగిలింది. ఆ డైరెక్టరీ చిరునామా డేటాబేస్ తన వివరాలు రాసుకునే కాటలాగ్‌లో ఒకసారి, లింక్‌లో ఒకసారి, రెండుచోట్ల ఉండేది. రెండూ వేర్వేరుగా చెబితే దేన్ని నమ్మాలి? 2012లో 9.2 వెర్షన్ కాటలాగ్‌లోని చిరునామాను తీసేసింది.

టేబుల్‌స్పేస్ వేరే డిస్క్‌లో ఉన్నా అది వేరే డేటాబేస్ కాదు. అందుకే దాన్ని ర్యామ్ డిస్క్ మీద పెట్టకండి, అది చెరిగిపోతే మొత్తం సర్వరే లేవకపోవచ్చు. బ్యాకప్ తీసేటప్పుడు ప్రధాన డైరెక్టరీతో పాటు ప్రతి టేబుల్‌స్పేస్‌నూ కలిపి తీయండి.