పాత కారు పికప్ పడిపోతే ముందు ఏం చూడాలి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మనవాళ్ల దగ్గరున్న కార్లలో కొత్తవి తక్కువే. మారుతి 800, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఓమ్నీ, టాటా సుమో 2019లో ఆగాయి. తయారీ ఆగినా ఈ బండ్ల తిరుగుడు మాత్రం ఆగలేదు. బడిపిల్లల్ని దింపేవి, పెళ్లిళ్లకు వంటసామాను మోసేవి ఇవే. అర్ధరాత్రి గద్వాల నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికి రోగిని తీసుకుపోయేవీ చాలాసార్లు ఇవే.

అలాంటి బండి నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా డీలా పడుతుంది. ఇంజన్ ఆగదు, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం అందుకోదు. మూడో గేరులో ఎక్కే ఎత్తు రెండో గేరులో కూడా ఎక్కదు. 'పికప్ పోయింది' అని షెడ్డుకు తీసుకుపోతే సాధారణంగా జరిగేది ఏమిటంటే, ముందు ప్లగ్గులు మారుతాయి, తర్వాత కార్బొరేటర్ కిట్, ఆ తర్వాత పెట్రోల్ పంపు, చివరికి 'ఇంజన్ విప్పాలి' అనే మాట. బడివ్యాను నడుపుకుని బతికేవాడికి ఆ మాట నెల సంపాదన కంటే పెద్దది. ఈ వ్యాసంలో మేం చెప్పదలచింది ఒక్కటే. పికప్ పోవడం జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి లక్షణం. ఒక్క పార్టు కూడా కొనకముందే, దాదాపు ఖర్చు లేకుండా, జబ్బు ఏ వైపున ఉందో తేల్చుకోవచ్చు.

మొదట తేల్చాల్సింది అసలు ఇంజన్‌లో బలం తగ్గిందా, లేక ఇంజన్ ఇచ్చే బలం చక్రాల దాకా చేరడం లేదా అన్నది. చదునైన చోట బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోయండి. తేలిగ్గా కదలకపోతే ఎక్కడో బ్రేకు పట్టేసిందన్న మాట. కొంతదూరం నడిపాక నాలుగు చక్రాల దగ్గర చేయి ఆనించకుండా, కాస్త దూరంగా పెట్టి చూస్తే పట్టేసిన చక్రం సెగ తెలిసిపోతుంది. ఇక క్లచ్. హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టే. ఆగకుండా గుయ్యిమంటూ తిరుగుతూ ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది. అలాంటి బండికి కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. అలాగే వేడి ముల్లు ఎక్కడుందో చూడండి. ఇంజన్ పట్టేసే ముందు చాలాసార్లు బలం తగ్గించుకుంటుంది. ముల్లు ఎర్రగీత దాకా పోతే బండి ఆపాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

ఈ రెండూ బాగుంటే అప్పుడు ఇంజన్ వైపు రావాలి. పెట్రోల్ ఇంజన్‌కు కావలసినవి గాలి, పెట్రోల్, సరైన సమయంలో నిప్పురవ్వ, సిలిండర్లో బిగువు. కాలిన పొగ బయటికి పోవడానికి దారి కూడా ఉండాలి. వీటిలో ఏది తగ్గిందో బండి తనే చెబుతుంది, వినే ఓపిక ఉండాలి. నెలల తరబడి మెల్లమెల్లగా బలం తగ్గితే రింగులు, వాల్వులు, ఫిల్టర్లు అరిగాయో మూసుకుపోయాయో అనుకోవచ్చు. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి పోతే అది అరుగుదల కాదు. ఏదో తెగింది, ఊడింది, అడ్డుపడింది, లేదా వేడికి పనిచేయడం మానింది.

మారుతి 800లోనూ, ఓమ్నీలోనూ ఉన్నది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్. ఒక్క సిలిండర్ కాలడం మానేస్తే మూడింట ఒక వంతు బలం పోయినట్టే. అంబాసిడర్‌లో నాలుగింట ఒక వంతు పోతుంది. అందుకే 800లో మిస్సింగ్ వస్తే బండి మొత్తం చచ్చినట్టు అనిపిస్తుంది. ఏ సిలిండర్ మానేసిందో తెలుసుకోవడం కష్టం కాదు. కార్బొరేటర్ బండి అయితే ఇంజన్ ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దాని కొసలోని లోహం ఇంజన్ బాడీకి తగిలేలా పెట్టి, మళ్లీ స్టార్ట్ చేయండి. తీయకముందుకన్నా ఎక్కువ ఊగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నదే. ఏ మార్పూ లేకపోతే చచ్చిన సిలిండర్ అదే. దగ్గర్లో పెట్రోల్ కారడం గానీ వాసన గానీ ఉంటే ఈ పరీక్ష చేయవద్దు. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండ్ల మీద కూడా వద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

చచ్చిన సిలిండర్ ప్లగ్గు విప్పి చూడండి. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు రావడం లేదు. నూనెతో జిడ్డుగా ఉంటే రింగులనో వాల్వు సీళ్లనో అనుమానించాలి. అన్ని ప్లగ్గులూ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే ఆ ఇంజన్‌కు పెట్రోల్, గాలి పాళ్లు బాగానే ఉన్నట్టు. కాంటాక్ట్ పాయింట్లున్న పాత అంబాసిడర్‌లో పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి అది మూసుకుపోతే బలం పోతుంది. ఇంజన్ వేడెక్కగానే మొరాయించి, అరగంట నీడన పెడితే మళ్లీ మామూలుగా నడిచే బండ్లలో కండెన్సర్‌నూ ఇగ్నిషన్ కాయిల్‌నూ తప్పకుండా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు షెడ్డులో పరీక్షిస్తే ఈ రెండూ బాగున్నట్టే కనిపిస్తాయి. ఉస్తాద్‌లు కూడా మోసపోయేది ఇక్కడే.

మా అనుభవంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది పెట్రోల్ దారిలోని లోపాల దగ్గర. బండి ఐడ్లింగ్‌లో చక్కగా ఉంటుంది, చదునులో నడుస్తుంది, ఎత్తు రాగానే దగ్గుతుంది. పక్కన ఆపి పది నిమిషాలు ఆగితే మళ్లీ లాగుతుంది. ఇలా జరిగితే బలం పోయిన ఆ క్షణంలోనే ఆగి ట్యాంకు మూత తెరవండి. 'స్...' మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయినట్టు. పెట్రోల్ బయటికి పోతున్నకొద్దీ దాని స్థానంలో గాలి రాకపోతే పంపు ఎంత పీల్చినా రాదు. దీనికి ఖర్చు ఒక పిన్నీసు. (దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దని వేరే చెప్పనక్కర లేదు.)

వనపర్తిలో పిల్లల్ని తిప్పే ఒక ఓమ్నీని మేం దగ్గరుండి చూశాం. ప్లగ్గులు, కాయిల్, కార్బొరేటర్ కిట్, పంపు, అన్నీ కొత్తవి వేసి ఉన్నాయి. అయినా బడి దాటాక వచ్చే చిన్న ఎత్తు దగ్గర రోజూ అదే బాధ. పంపు నుంచి కార్బొరేటర్‌కు వచ్చే గొట్టం తీసి, సీసాలో పట్టి చూస్తే మొదట ధార బాగా వచ్చింది, తర్వాత సన్నబడింది. అంటే లోపం పంపు దాటాక కాదు, పంపుకు ముందు ఉంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపు పైకి బాగానే ఉంది కానీ లోపలి పొర మెత్తబడి, పీల్చినప్పుడల్లా అతుక్కుపోతోంది. మార్చిన పైపు ముక్క ఖరీదు అంతకుముందు కొన్న పార్టులన్నిటిలో ఏ ఒక్కదాని ఖరీదులో సగం కూడా కాదు.

ఇలాంటి పైపుల గురించి ఇప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. పాత బండ్ల రబ్బరు పైపులు, పంపు డయాఫ్రంలు ఆ మోతాదుకు తయారైనవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. అందుకని నెలల తరబడి కదలకుండా ఉన్న బండిని దూరప్రయాణానికి తీసేముందు ఫిల్టర్ మార్చి, పైపుల్ని వేళ్లతో నొక్కి చూడడం మంచిది. మన ఎండాకాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు సెగ అక్కడే నిలిచి, పైపులోని పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే తేరుకుంటే ఇదే కారణం అనుకోవచ్చు.

గాలి సంగతి తేలిక. నడిగడ్డలో పత్తి కాలంలో, వేరుశనగ నూర్పిళ్లప్పుడు మట్టిబాటల మీద తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లదాకా ఫిల్టర్ ఆగదు. డబ్బా విప్పి చూస్తే చాలు. కొన్నిసార్లు లోపల ఎలుక గూడు కూడా కనిపిస్తుంది. ఎలుక ఉందంటే వైర్లు కూడా చూడాలి.

డీజిల్ బండ్లలో ప్లగ్గుల గొడవ లేదు, అక్కడ పొగ చెబుతుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు. టర్బో ఉన్న బండిలో ఒక్కసారిగా పికప్ పోయి, నల్లపొగతో పాటు బుస్సుమని శబ్దం వస్తుంటే టర్బో గొట్టం ఊడిందేమో ముందు చూడండి, క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. పొగ లేకుండానే బలం తగ్గితే డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు, మడ్డి ఉండొచ్చు, లేదా ఎక్కడో గాలి పట్టి ఉండొచ్చు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

పొగ బయటికి పోయే దారిని చాలామంది మరిచిపోతారు. తుప్పు పట్టిన సైలెన్సర్ లోపలి రేకు ఊడి అడ్డం పడితే, లేదా కన్వర్టర్ కరిగి మూసుకుపోతే, ఇంజన్ ముక్కు మూసుకుని పరిగెత్తినట్టు ఉంటుంది. ఇంజన్ రేజ్ చేయించి సైలెన్సర్ చివర కాస్త దూరంగా చేయి పెడితే గాలి బలహీనంగా వస్తుంది.

ఇవన్నీ బాగుంటేనే ఇంజన్ లోపలి మాట. అప్పుడైనా విప్పకముందు కంప్రెషన్ గేజ్ పెట్టమని అడగండి. పెట్రోల్ ఇంజన్‌లో ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే, ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. కొలత పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని ఎక్కువ అనుమానం. అన్నీ తక్కువైతే టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారిందేమో చూడాలి. డీజిల్ ఇంజన్‌కు ఈ చెంచా పరీక్ష చేయవద్దు, దాని గేజ్ కూడా వేరు.

ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించండి. అయితే స్కానర్ చెప్పేది ఫలానా సెన్సర్ దారిలో లోపం ఉందని మాత్రమే, ఆ సెన్సర్ పాడైందని కాదు. వైరు, కనెక్టర్ చూడకుండా సెన్సర్ కొనవద్దు.

మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు 'పికప్ లేదు' అని ఊరుకోకుండా నాలుగు సంగతులు చెప్పండి. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, చదునులోనా ఎత్తులోనా, ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు, ఆగి కాసేపటికి తేరుకుందా. మన ఇళ్ల పిల్లలు ఎందరో షెడ్లలో షాగిర్ద్‌లుగా చేరి, చేత్తో పని నేర్చుకుంటున్నారు. పార్టు మార్చడం వాళ్లకు ముందే వస్తుంది. పరీక్షించే పద్ధతి మాత్రం ఎవరో పక్కన నిలబడి చూపిస్తేనే వస్తుంది. వనపర్తి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్ వంటి చోట చదివిన మనవాళ్లు ఆదివారం ఒక పూట గేజ్, మల్టీమీటర్ పట్టుకుని షెడ్డుకు వస్తే అది జరుగుతుంది.

నాగర్‌కర్నూల్ వైపు నుంచి శ్రీశైలం దారి పట్టేవారికి ఇంకో మాట. మన్ననూరు దాటితే దోమలపెంట దాకా అంతా అడవే. చాలాచోట్ల ఫోను పలకదు, షెడ్డు దొరకదు. తిరిగి వచ్చేటప్పుడు కృష్ణ ఒడ్డు నుంచి దోమలపెంటకు ఎక్కే ఘాటులో బండి బలమంతా బయటపడుతుంది. అచ్చంపేటలోనే ఆగి పెట్రోల్ పైపులు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ నీళ్లు, ట్యాంకు మూత చూసుకోండి. ఒక అడుగు పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు, ఒక ప్లగ్గు, దాన్ని విప్పే స్పానర్, అయిదు లీటర్ల నీళ్లు బండిలో వేసుకోండి. అచ్చంపేట చేరేలోపే బండి డీలా పడుతుంటే అక్కడే వెనక్కి తిప్పండి.