కార్డు కొనే ముందు కరెంటు లెక్క

పెద్దకొడప్‌గల్ నుంచి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోయి గ్రాఫిక్స్ కార్డు కొనుక్కురావాలంటే ఒక రోజు పని. తీరా తెచ్చి బిగించాక, గేమ్ మొదలుపెట్టగానే సిస్టమ్ ఆగిపోతే ఆ తిరుగుడంతా వృథా. అలాంటప్పుడు కార్డు బాగానే ఉండి, దానికి చాలినంత కరెంటు అందకపోయి ఉండొచ్చు. ఆ లెక్క ఇంట్లోనే, కొనడానికి ముందే వేసుకోవచ్చు.

స్లాటు ఇచ్చేది 75 వాట్లు

మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావాలంటే సిస్టమ్ మొత్తానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల కనెక్టరుతో మరో 75, ఎనిమిది పిన్నులదానితో 150 వాట్లు అందుతాయి. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050కి 70 వాట్లు చాలు, స్లాటుతోనే నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060కి 115, 3060కి 170 కావాలి. 5090 అయితే ఏకంగా 575.

పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఎంతుంది?

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్ తరచుగా 240 నుంచి 290 వాట్లే. ప్రాసెసర్‌కు 65, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు 50 వేసుకుందాం. 3060 పెడితే మొత్తం 285. పైగా కార్డు క్షణంలో వందో వంతు కూడా లేని వ్యవధిలో తన పరిమితిని దాటి లాగుతుంది. అందుకే 3060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమని ఎన్విడియా చెబుతుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడండి. కార్డు బలమంతా అక్కడి నుంచే వస్తుంది. డబ్బా మీద 450 వాట్లని ఉన్నా ఆ గడిలో 18 ఆంపియర్లే ఉంటే, 12తో గుణిస్తే వచ్చేది 216 వాట్లే. కొన్ని బ్రాండెడ్ మెషిన్లకు మామూలు ఎస్‌ఎంపీఎస్ పిన్నులు సరిపోవు, అదీ ముందే చూసుకోవాలి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. సాటా పవర్ వైరును ఎనిమిది పిన్నులకు మార్చే అడాప్టర్లు చవగ్గా దొరుకుతాయి. సాటా కనెక్టరు 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, దాని నుంచి 150 లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది, మంటలూ రావచ్చు. దయచేసి వాడకండి.

గోడ దగ్గర లెక్క

ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతమైతే, లోపల 285 వాట్లకు గోడ దగ్గర 335 కావాలి. మానిటర్‌కు 25 కలిపితే 360. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోసేది కూడా దాదాపు అంతే. కరెంటు పోయిన క్షణంలో కార్డు పూర్తి జోరు మీద ఉంటే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. బోరు మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజీ 230 నుంచి 180కి పడిందనుకోండి, అవే 360 వాట్ల కోసం సిస్టమ్ 1.6కు బదులు 2 ఆంపియర్లు లాగుతుంది. బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ అక్కడే ఆగిపోతుంది.

మీటరు మీద 200 గీత

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే మొత్తం యూనిట్లకూ కట్టాలి. అదే 85 శాతం లెక్కన 3060 వల్ల గోడ దగ్గర అదనంగా పడే భారం 200 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 24 యూనిట్లు. ఇప్పటికే 185 కాలుస్తున్న ఇంట్లో మీటరు 209 చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, మిగతా తొమ్మిదింటికి 7.70 చొప్పున 69 రూపాయలు. స్థిర ఛార్జీలు వేరే.

అదే వాడకానికి 4060తో 16 యూనిట్లు పెరిగి మీటరు 201కి చేరుతుంది. 70 వాట్ల 3050తో పెరిగేది పది, మీటరు 195 దగ్గర ఆగుతుంది.

కాబట్టి సీటీసీ బస్సెక్కే ముందు క్యాబినెట్ తెరిచి ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌నూ, కిందటి మూడు నెలల కరెంటు బిల్లులనూ ఫోనులో ఫొటో తీసుకోండి. దుకాణంలో ఏ కార్డు చూపించినా ముందు దాని వాట్లు అడగండి, ధర తర్వాత.